వాగు తీసిన విషం



చింతూరు సంతలో ఎవరన్నా "మీవోళ్లు విషపు దుంపలు తింటారంట కదా" అంటే మనలో చాలామంది తల దించుకుంటాం. అవును, తిన్నాం. కరువు నెలల్లో కోయలనీ, కొండరెడ్లనీ బతికించింది అడవి దుంపలే. సిగ్గెందుకు?

పులిదుంప సంగతి చెప్తా. ముళ్ల తీగ, కాడకి మూడేసి ఆకులు. ఊరు మారితే పేరు మారుద్ది. దాంట్లో డయోస్కోరిన్ అనే విషం ఉంది. శుద్ధి చేయకుండా తింటే నోరు, గొంతు మండుతాయి, కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. ఎక్కువైతే ఫిట్స్ వచ్చి, ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. అలాంటప్పుడు పసరు కోసం తిరగొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి.

మరి మన అవ్వలు ఎట్టా తిన్నారు? ఈ విషం నీళ్లలో కరుగుద్ది. పల్చగా కోసి, బుట్టలో పెట్టి, పారే వాగులో రోజుల తరబడి నానేసి, ఆ తర్వాత ఉడకబెట్టేవాళ్లు. నిలవ నీళ్లలో విషం అక్కడే ఉండిపోద్ది. పారే నీరైతే పట్టుకుపోద్ది. ఇది ఏ ల్యాబూ చెప్పలేదు. ఇండోనేషియాలో ఇదే దుంపని గాడుంగ్ అంటారు. అక్కడ ఇలాగే విషం తీసి చిప్స్ చేసి అమ్ముతారు. వాళ్లెవరూ తల దించుకోరు!

శుద్ధి తగ్గితే ఏమవుద్దో మొజాంబిక్‌లో చూశారు. మన సగ్గుబియ్యం వచ్చే కర్రపెండలమే వాళ్ల తిండి. చేదు రకాల్లో సైనైడ్ పుడుతుంది. 1981 కరువులో నంపులా ప్రాంతంలో సరిగా శుద్ధి చేయకుండానే తిన్నారు. వెయ్యి మందికి పైగా కాళ్లు చచ్చుబడ్డాయి. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే. కొంజో అంటారు దాన్ని. ఆ కాళ్లు మళ్లీ మామూలు కావు.

మన దగ్గర పోయేది వాగు. 2014లో చింతూరును ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రలో కలిపింది పోలవరం ముంపు కోసమే. భూమికి, ఇంటికి, చెట్టుకి లెక్క కడతారు. దుంప నానేసే వాగుకి ఎవరు కడతారు? కాలనీ కుళాయి కింద బుట్ట పెట్టి రోజుల తరబడి నీళ్లు వదలగలమా?

వీడియో చూసి దుంప తవ్వుకొచ్చి వండొద్దు. ముందు మీ అవ్వ పక్కన కూర్చోండి. ఫోన్లో రికార్డు పెట్టి అడగండి: మన మాటలో దాని పేరేంటి, ఏ వాగు, ఎన్ని రోజులు, విషం పోయిందని ఎట్టా తెలిసేది? మా అవ్వని ఆ చివరి ప్రశ్న నేను అడగలేదు.