పెద్దకర్మ దాటాక

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మండలి వెంకట కృష్ణారావు వంటి నాయకులు, ఊరూరి నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకులు బతికినవారికి అండగా నిలిచారు. అప్పుడు సీమ సీమంతా కలిసి ఏడ్చింది.

ఇవాళ మచిలీపట్నంలోనో గుడివాడలోనో ఒక మనిషి పోతే, పెద్దకర్మ దాటాక ఆ ఇల్లు ఒంటరిదైపోతుంది. కాగితాల బరువు మీదపడేదీ అప్పుడే.

మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో నమోదు చేయించాలి. పోయినవారి పాస్‌బుక్కులో ఏటా 436 రూపాయలు కోత పడిందేమో చూడాలి. అది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా అయితే నామినీకి 2 లక్షలు వస్తాయి. తెలియక వదులుకోవలసిన డబ్బు కాదది!

దుఃఖంతో నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇరుగుపొరుగుకు ఒక మనవి: చుట్టాలంతా వెళ్లిపోయాక ఆ గడప తొక్కండి, బ్యాంకుకు తోడు వెళ్లండి.