తూనీగ లక్షణము



ఈ సాయంకాలము నేను తూనీగను గూర్చి మాటలాడ వచ్చితిని. పురాణమో, ధర్మశాస్త్రమో చెప్పవలసిన ముసలి పంతులు, పిల్లలు తోకకు దారము కట్టి ఆడుకొను పురుగును గూర్చి ముచ్చటించుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని కడదాక వినుడు. ఈ తూనీగ మాటున ఒక పాఠమున్నది. దానిని నాకు చెప్పినవాడు నా శిష్యుడు. నేను నేర్చుకొనుటకు మాత్రము ముప్పది యేండ్లు పట్టినది.

నేను తర్కము మొదలుపెట్టిన నాడు మా గురువుగారు లక్షణమనగా నేమో చెప్పిరి. ఒక వస్తువును తక్కిన వస్తువులనుండి వేఱుచేసి చూపు గుర్తు లక్షణము. దానికి మూడు దోషములు కలవు. ఆవునకు లక్షణము చెప్పుమన్నచో, “కపిలవర్ణము గలది” అంటిమా, తెల్లావులు బయటనే నిలిచిపోవును, ఇది అవ్యాప్తి. “కొమ్ములు గలది” అంటిమా, బఱ్ఱెయు మేకయు లోపలికి వచ్చును, ఇది అతివ్యాప్తి. “చీలని గిట్ట గలది” అంటిమా, ఒక్క యావునకును పొసగదు, ఇది అసంభవము. “గంగడోలు గలది” అన్నప్పుడు గాని లక్షణము కుదురదు. ఈ మాట నేను వందలమారులు వల్లించితిని. వల్లించుట వేఱు, పాటించుట వేఱు.

నేను ఉద్యోగములో నున్న కాలమున ఒక చిన్న యూరి పాఠశాలలో సైన్సు మాష్టరు సెలవు పెట్టగా, ఆ తరగతికి నన్ను పంపిరి. పాఠము తూనీగలు. పుస్తకములోని మాట నేను పలకపై వ్రాసితిని: తూనీగలు రెండు తెగలు, శరీరము బలిసి, వాలినప్పుడు రెక్కలు చాచియుంచునవి ఒక తెగ, శరీరము సూదివలె సన్నమై, వాలినప్పుడు రెక్కలు వీపుమీద మూయునవి రెండవ తెగ. పిల్లలు వ్రాసికొనిరి.

మఱునాడు చెరువులో చేపలు పట్టు వారింటి పిల్లవాడొకడు గడ్డిపోచకు అంటియున్న తూనీగను తెచ్చి నా బల్లమీద పెట్టెను. అది సూదివలె సన్నముగానే యున్నది. రెక్కలు మాత్రము మూయలేదు. సగము విప్పి యుంచినది. “అయ్యవారూ, ఇది ఏ తెగ?” అని అడిగెను.

నేనేమంటినో చెప్పుటకు ఇప్పటికిని సిగ్గగుచున్నది. “నీవు పట్టునప్పుడు రెక్కలు విరిచి యుందువు” అంటిని. వాడు, “లేదండీ. కట్టక్రింద జమ్ములో బ్రతికినవి ఎన్నో ఇట్లే కూర్చున్నవి. వచ్చి చూడుడు” అనెను. “పుస్తకము తప్పు, నీవు ఒప్పునా?” అని గద్దించి కూర్చుండబెట్టితిని. చెరువు బడికి రెండువందల గజముల దూరము. నేను పోలేదు.

ఉద్యోగము ముగిసినది. కొంతకాలము క్రిందట నా మనుమరాలు కళాశాలలో జంతుశాస్త్రము చదువుచు, తన పుస్తకములోని ఒక తూనీగ కథను నాకు చదివి వినిపించినది. ఆ కథనే మీకు చెప్పెదను.

లోకములో నేటికి పేరుపెట్టబడిన తూనీగ జాతులు 6,000కు పైగా కలవు. క్రొత్త జాతి యని ఒకదానికి పేరు పెట్టుట మనము బిడ్డకు పేరు పెట్టుటవంటిది కాదు. చూచిన పురుగును భద్రపరచి పదుగురు పరీక్షించుటకు వీలైన చోట నుంచవలెను. దాని రూపమును అవయవ క్రమమున వర్ణించి అచ్చువేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, దానికి మిక్కిలి దగ్గఱి చుట్టములెవ్వరో వెదకి, వానికిని దీనికిని భేదమెక్కడనో చూపవలెను. గ్రద్దకును తూనీగకును భేదము చెప్పుటకు పాండిత్య మక్కఱలేదు. అన్నకును తమ్మునకును భేదము చెప్పుటయే పని.

1889వ సంవత్సరమున బెల్జియము దేశపు పండితుడు సెలీ లాంగ్‌షాంప్ జపాను దేశపు తూనీగ నొకదానిని వర్ణించెను. నల్లని దేహముపై పసుపు చారలు గల యా తూనీగకు బలిసిన తూనీగల యొడలున్నది; కాని ముందు రెక్కలును వెనుక రెక్కలును ఇంచుమించు ఒకే యాకారమున, మొదట కాడవలె సన్నగిలి, అచ్చముగా సన్నని తూనీగల రెక్కలవలె నున్నవి. వాలినప్పుడు వానిని వీపుమీద మూయును. నేను పలకపై వ్రాసిన రెండు తెగలలో ఇది దేనిలోనిది? బలిసినది గనుక మొదటిది; రెక్కలు మూయును గనుక రెండవది. కోట్ల సంవత్సరముల క్రిందటి రాళ్ళలో అచ్చుపడి నిలిచిన ప్రాచీన తూనీగల పోలికలు దీనియందు కనబడుటచే, సెలీ దీనికి “మిగిలినది” అను నర్థము వచ్చునట్లు సూపర్‌స్టెస్ అని పేరు పెట్టెను. నేడు దీని పూర్తి పేరు ఎపియోఫ్లీబియా సూపర్‌స్టెస్.

ఇట్టిది లోకమున నిదొక్కటే యని చాలకాలము తలచిరి. 1918లో దార్జిలింగు దగ్గఱ సోనాదా అను చోట, కొండవాగులోనుండి స్టాన్లీ కెంప్ అను శాస్త్రజ్ఞుడు ఒక నీటిపురుగును పట్టెను. తూనీగ గ్రుడ్డునుండి వెలువడి రెక్కలు వచ్చువఱకు నీటిలో బ్రదుకునని మీరెఱుగుదురు. ఆ దశయందున్న దానిని డింభకమందురు. కెంపునకు దొరకినది డింభకమే. దానిని టిల్యార్డ్ అను తూనీగల పండితుడు పరీక్షించి, 1921లో కలకత్తా ఇండియన్ మ్యూజియమువారి పత్రికయందు క్రొత్త జాతిగా ప్రకటించెను. ఇంగ్లాండు వైద్యుడును తూనీగల పరిశోధకుడును ఐన లెయిడ్లా పేర దానికి ఎపియోఫ్లీబియా లెయిడ్లావై అని నామకరణము చేసెను.

ఇచ్చటి చిక్కును గమనింపుడు. సెలీ చూచినది రెక్కలు వచ్చిన జపాను తూనీగ. టిల్యార్డు చేతిలోనిది రెక్కలు రాని హిమాలయపు పిల్ల. పెండ్లికుమారుని రూపు చెప్పి, ఉయ్యాలలోని శిశువును చూపి, వీరిద్దఱు అన్నదమ్ములనుట వంటి పని. అయినను ఆయన డింభకము నడుగడుగున చూచెను. సన్నని తూనీగల డింభకములకు తోక చివర ఆకులవంటి మూడు మొప్పలుండును. దీనికవి లేవు. దేహము బలిసిన తూనీగల పిల్లవలె దృఢముగా నున్నది. కాని కడుపు ప్రక్కల గరకు గీతలున్నవి. వెనుక కాలిని వానికి రాచినచో చప్పుడు పుట్టును. ఇట్టి గుర్తులను కూడబెట్టి, ఇది రెండు పెద్ద తెగలలో దేనికిని చెందక, జపాను తూనీగకు చుట్టమని ఆయన నిర్ణయించెను.

ఆ నిర్ణయము సరియైనదని తేలుటకు రెక్కల తూనీగ కనబడవలెను. దానికి నలువది యేండ్లు గడచినవి. 1960 దశాబ్దమున జపాను పండితుడు అసహినా హిమాలయపు పెద్ద తూనీగను వర్ణించెను. ఆయన 1954లోనే జపాను తూనీగ శరీరమును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసినవాడు. అన్న నెఱిగినవాడు గనుక తమ్ముని గుర్తించుట కర్హుడు. హిమాలయపు దానికిని నల్లని యొడలిపై పసుపు చారలే, కాడ గల రెక్కలే. టిల్యార్డు ఉయ్యాలలో చూచి చెప్పిన మాట నిలిచినది.

2012లో చైనా, ఫ్రాన్సు పండితులు కూడి ఈశాన్య చైనాలోని హైలాంగ్‌జియాంగ్ సీమనుండి మూడవదానిని ప్రకటించిరి. దానికి ఎపియోఫ్లీబియా సైనెన్సిస్ అని పేరు. ఆ సంవత్సరమే మఱికొందఱు ఈ జాతుల జన్యువులను పోల్చి చూచిరి. కోట్ల సంవత్సరముల నాడు విడిపోయిన వంశములయందు గొప్ప భేదముండవలెను గదా. కనబడిన భేదము మిక్కిలి స్వల్పము. హిమయుగములలో చలి దక్షిణమునకు వ్యాపించినప్పుడు ఇవి విశాలదేశమున కలిసి బ్రదికి, భూమి వెచ్చబడగా చల్లని వాగుల నాశ్రయించి దూరదూరముగా చెదరి యుండునని వారు భావించిరి. మరి ఇవి వేర్వేఱు జాతులా, చెదరిన ఒక్క కుటుంబమా యను చర్చకు ఇట్లు చోటు కలిగినది. వంద సంవత్సరముల పిమ్మట కూడ పండితులు తమ లక్షణమును తామే తిరిగి ప్రశ్నించుచున్నారు. నేను ఒక్క దినమైనను ప్రశ్నింపలేదు.

ఈ తూనీగ బాల్యము కడు దీర్ఘము. చల్లని వాగులో అయిదేండ్లు మొదలు తొమ్మిదేండ్ల వఱకు పిల్లగానే యుండునని పరిశీలకుల యంచనా. జపాను దానికి కడపటి దశలో మఱియొక విశేషము కలదు: డింభకము నీటిని విడిచి, కొన్ని నెలలు నాచులోను రాలిన ఆకులలోను దాగియుండి, వసంతమున రెక్కలు విప్పును. మన పొలాల మీది తూనీగలలో వానకాలపు గుంటలో పుట్టి రెండు మూడు నెలలలోనే ఎగురునవి కలవు. ఒక గుంట ఎండినను వానికి మఱియొక గుంట దొరకును. కొండవాగు చెడిపోయినచో మాత్రము ఒక్క ఋతువులో ఏడెనిమిదేండ్ల సంతానము ఒక్కసారిగా నశించును. గట్టునున్న చెట్లు కొట్టిన నీరు వెచ్చబడును. మన్ను కొట్టుకొనివచ్చి రాళ్ళ సందులు పూడును. హిమాలయమునందు అడవి నఱికినవానికి తానేమి చంపెనో తెలియదు. వానికి చెప్పువారును అరుదు.

ఈ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా లక్షణమునకు అతివ్యాప్తియు అవ్యాప్తియు రెండును కలవు. “రెక్కలు మూయునది సన్నని తెగ” అంటిని. జపాను, హిమాలయముల బలిసిన తూనీగ వచ్చి లోపల కూర్చున్నది. ఇది అతివ్యాప్తి. సన్నని తెగలోనిదై యుండియు రెక్కలు సగము విప్పి యుంచు కుటుంబమొకటి కలదని మనుమరాలు చూపినది. లెస్టిస్ అను గణము దానిలోనిదే. మన చెరువుల జమ్ములోను నుండును. ఇది అవ్యాప్తి. హిమాలయపుది దూరమున నున్నది, నాకు తెలియకపోవుట క్షమింపదగినది. రెండవది రెండువందల గజములలో నుండెను. దానిని చేతబట్టి తెచ్చి బల్లమీద పెట్టిరి.

ఈ కార్తికమున ఆ యూరికి పోయి చెరువు కట్టక్రింద కూర్చుంటిని. ఎండ ఎక్కిన తరువాత జమ్ము కాడలపై అవి వాలినవి. సన్నని యొడలు, సగము విప్పిన రెక్కలు. పదునొకటి లెక్కించితిని. ఒక్కదాని రెక్కయు విరిగి లేదు.

ఆ పిల్లవాని కుటుంబము ఊరు విడిచి ఎన్నడో పోయినదట. వాడు నేడు నలువది దాటిన గృహస్థుడై యుండును. ఏ యూరిలో నున్నాడో, ఈ మాట వాని చెవిని పడునో పడదో. పడినచో, నాయనా, పుస్తకములోని మాట చాలలేదు. నీవు చూచినది ఒప్పు. పదిమంది యెదుట నిన్ను కూర్చుండబెట్టితిని గనుక పదిమంది వినగా చెప్పుచున్నాను.

పెద్దలారా, మీ యిండ్లలోను పిల్లలున్నారు. ఎవడైనను ఏదో పట్టుకొని వచ్చి, ఇది మీరు చెప్పినట్లు లేదేమి యని అడిగినచో, జవాబు చెప్పుటకు ముందు వానివెంట చెరువుదాక నడిచి రండు. ఎక్కువ దూరముండదు.

సెలవు.