ఐదు గళ్లలో పట్టని మక్కువ
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగు వారి పేరిట సభ అంటే వాడుకభాష గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను ఆయనలోని బడిపంతులును తలుచుకుంటాను. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే ఆయన సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ఆ సవరల కొండలూ మన అరకు కొండలూ ఒకే తూర్పు కనుమల వరస.

ఆ బడిపంతులు పని గురించే ఒక ప్రశ్న. ఉపాధ్యాయ వృత్తి మీద మక్కువ అమ్మాయిలకు ఎక్కువా, అబ్బాయిలకా? విద్యాశాస్త్రంలో బాగా అరిగిన ప్రశ్న ఇది. కొలిచే పద్ధతి 1932లో రెన్సిస్ లైకర్ట్ చెప్పింది. వాక్యం చదివి, ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలు ‘పూర్తిగా విభేదిస్తాను’ దాకా ఉన్న ఐదు గళ్లలో ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. మనదేశంలో తరచూ వాడే అహ్లూవాలియా మాపనిలో అలాంటి వాక్యాలు 90. కొన్ని అధ్యయనాల్లో అమ్మాయిల సగటు కాస్త పైన ఉంటుంది, కొన్నిట్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. సిద్ధాంతగ్రంథం అక్కడితో ముగుస్తుంది. నా అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఒకసారి మా ఛాత్రోపాధ్యాయుల తరగతిలో నేనే ఒక వాక్యం రాసిచ్చాను: ‘టీచరుద్యోగం ఆడవాళ్లకు బాగా నప్పుతుంది.’ పెదబయలు అమ్మాయి, ముంచంగిపుట్టు అబ్బాయి ఇద్దరూ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. ఎందుకమ్మా అంటే, “నర్సు కోర్సుకి విశాఖ పంపనన్నారు మాస్టారూ. టీచరయితే సాయంత్రానికి ఇంటికొస్తానని నాన్న ఒప్పుకున్నాడు” అంది. అబ్బాయి నవ్వాడు. “మాకు పోలీసుంది, ఫారెస్టుంది. అవేవీ రాకపోతే ఇది.” ఆమెకు ఉన్నది ఆ ఒక్క దారి. అతనికి అన్ని దారులూ మూసుకుపోయాక మిగిలే దారి. మాపని ఇద్దరికీ ఐదేసి మార్కులు వేసింది.

బడుల వివరాలు సేకరించే యూడైస్ 2019–20 లెక్కల్లో దేశంలోని 96.8 లక్షల టీచర్లలో 49.2 లక్షల మంది మహిళలు. ఆ అంకెలో మక్కువ ఎంత, దారుల కరువు ఎంత?

ఏజెన్సీలో దీనికి మరో మడత ఉంది. 2000 జనవరి 10 నాటి జీవో నం. 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది, అందులో మూడోవంతు మహిళలకు. ట్రైనింగయితే కొండమీదే ఉద్యోగమన్న మాట ఆడపిల్లను చదివించడానికి ఇంట్లో ఆసరా అయింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతు మీద నిలబెట్టింది గానీ, ఇంకా చదువుతున్నవాళ్ల ఆసరా పోయింది. ఆ మర్నాడు ఎవరైనా ఆ 90 వాక్యాలూ ఇచ్చి, మార్కులు తగ్గితే, పిల్లల మీద ప్రేమ తగ్గిందని రాసుకోవాలా?

నేను గమనించిన తేడా వేరు. పోస్టింగు మాటొస్తే అబ్బాయిలు “ట్రాన్స్‌ఫర్ ఎన్నాళ్లకి?” అంటారు. అమ్మాయిలు “ఉండటానికి గది ఉందా, వానాకాలం గెడ్డ దాటగలమా?” అంటారు. బస్సు దిగి గంట నడిస్తేగానీ రాని బడి దొరికితే, నాన్నకిచ్చిన సాయంత్రం మాట ఏమవుతుంది? ఈ తేడా మనసులోది కాదు, దారిలోది. దారి వేస్తే, గది కడితే సగం పోతుంది.

‘ఏదీ రాకపోతే ఇది’ అన్న అబ్బాయి టీచింగ్ ప్రాక్టీసుకు ఒకటో తరగతికి వెళ్లాడు. కుండ బొమ్మ చూపించి లోపల ఏముందన్నాడు. పాఠ్యపథకం ప్రకారం ‘నీరు’ రావాలి. “పాణి” అంది ఓ పిల్ల. అతని ఇంటిభాషా ఆదివాసీ ఒడియానే. ఒక్క క్షణం నా వైపు చూశాడు. పథకం బల్లమీద పెట్టి, బోర్డు మీద ‘పాణి’ అని రాశాడు, దాని కింద ‘నీరు’. తరగతంతా ఒకేసారి మాట్లాడటం మొదలెట్టింది. గిడుగు వారు చూసి ఉంటే ఏమనేవారోగానీ, నేను మాత్రం పరిశీలన పుస్తకం మూసేశాను.

పరిశోధన చేసేవారికి ఒక్క మనవి. స్త్రీ, పురుష అని రెండు వరసలు గీసే ముందు, ప్రతి టిక్కు పక్కనా ‘ఎందుకు?’ అని రాసుకోడానికి ఒక గీతంత చోటు వదలండి.