నిజాము రాజ్యమున లోటస్ ఫిల్ము కంపెనీ



మూకచిత్రములనగానే అమెరికా తలపునకు వచ్చుట సహజము. 1912లో మాక్ సెనెట్ నెలకొల్పిన కీస్టోను కంపెనీయు, 1914లో వారమునకు 150 డాలర్ల జీతమున అందు నటించిన చార్లీ చాప్లినును లోకమెఱిగిన పేర్లు. మఱుసటి యేడే ఎస్సనే కంపెనీవారు ఆయనకు 1250 డాలర్లీయవలసివచ్చెను. తార యనిన నేమో వర్తకులకు నాడు తెలిసినది!

మన హైదరాబాదునను నట్టి కంపెనీ యొకటి యుండెను. దాని స్థాపకుడు ధీరేంద్రనాథ గంగోపాధ్యాయుడను వంగీయుడు. ఆయన హైదరాబాదున చిత్రకళోపాధ్యాయుడుగ నుండెను. తానే వృద్ధుడుగను, స్త్రీగను, ఇంక నెన్నో వేషములు ధరించి తీయించుకొనిన ఫొటోలను పుస్తకముగ వెలువరించిన వింత మనిషి. సీమనుండి మరలివచ్చిన దొరబాబులను పరిహసించు 'బిలాత్ ఫేరత్' 1921లో కలకత్తాలో ఆయనకు కీర్తి దెచ్చెను. 1922లో నిజాము ప్రాపున లోటస్ కంపెనీ వెలసినది. స్టూడియో, లేబొరేటరీ, రెండు సినిమాహాళ్లు సమకూడినవి. 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్', 'చింతామణి', 'యయాతి' మున్నగు చిత్రములు వరుసగ వచ్చినవి. చాప్లిను జీతమునకై యజమానితో బేరమాడెను; ఇచట నటుడును, దర్శకుడును, యజమానియు నొక్కడే!

ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము పలుకు ఆ రాజ్యమున మూకచిత్రమునకు భాషల తగవు లేదు. గద్వాల సంస్థానమున కృష్ణయొడ్డునున్న బీచుపల్లి వంటి పల్లెలవారికి ఇంద్రజిత్తు కథ యొకరు చెప్పవలయునా? ఆంజనేయుని కొలుచువారికి ఆతని బంధించినవాని కథ తెలియకుండునా?

ఇట్లుండగా 1924లో గంగోపాధ్యాయుడు తన హాలున బొంబాయి చిత్రమగు 'రజియా బేగం'ను ప్రదర్శించెను. ముసల్మాను రాణి హిందువును ప్రేమించుట అందలి కథ. నిజాము ఆగ్రహించి ఆయనను రాజ్యము వీడి పొమ్మని ఆజ్ఞాపించెను. తప్పు తానుతీసిన చిత్రముది కాదు, తెచ్చి చూపినదానిది. పోయినది మాత్రము స్టూడియో. ప్రభువు దయపై నిలిచిన వ్యాపారమునకు అపీలు చేయుటకు తావెక్కడ? మదరాసున రఘుపతి వెంకయ్యగారు హాళ్లు నడిపి సంపాదించిన ధనమును నమ్ముకొనిరి. 1921లో వారి కుమారుడు ప్రకాశ్ 'భీష్మప్రతిజ్ఞ' తీసెను. ఆ ధనమును శాశ్వతముగ నిలువలేదు గాని, దానిని హరించినది రాజాజ్ఞ కాదు.

గంగోపాధ్యాయుడు కలకత్తా చేరి బ్రిటిష్ డొమినియన్ ఫిల్ముస్ స్థాపించెను. దేవకీ బోసు, ప్రమథేశ బారువా అచటనే సినిమాలో అడుగిడిరి. 1975 సంవత్సరపు ఫాల్కే బహుమానమును పొంది, 1978లో ఆయన కీర్తిశేషుడయ్యెను. భారతదేశమున వేయికి పైబడిన మూకచిత్రములలో నేటికి మిగిలినవి బహుస్వల్పము. హైదరాబాదున తీసిన ఆ చిత్రములు నేడు మనకు పేర్లు మాత్రమే.