శునకమునకు యోగ్యతాపత్రము



కుక్కలకు పరీక్షలేమి, పట్టములేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నలువది యేండ్లు బడిపిల్లలను పరీక్షించి విశ్రాంతి గొన్నవాడను గనుక, ఈ సంగతి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ పరీక్ష మన పరీక్షలకంటె ఒకందుకు మేలని తోచినది. అదేమో విన్నవించెదను.

అమెరికా దేశమునందు అమెరికన్ కెన్నెల్ క్లబ్ అను సంస్థ 1989వ సంవత్సరమున ‘కెనైన్ గుడ్ సిటిజన్’ అను పరీక్ష నేర్పఱచినది. మర్యాదగల పౌరునివంటి శునకమని దాని భావము. మేలుజాతి కుక్కయే కానక్కఱలేదు. ఏ జాతియు గాని నాటుకుక్క యైనను నిలువవచ్చును. పరీక్షాంశములు పది. క్రొత్తవాడు వచ్చి యజమానునితో మాటాడుచుండగా కుక్క మీదికి దుముకరాదు, బెదరి దాగరాదు. అతడు చేయి చాచి నిమిరినపుడు కుదురుగా కూర్చుండవలెను. దువ్వెనతో దువ్వి, చెవులను, ముందరి పాదములను పరికించునపుడు ఓర్చుకొనవలెను. గొలుసు బిగియకుండ యజమానుని ప్రక్కను నడువవలెను. జనుల నడుమను అట్లే నడువవలెను. కూర్చుండుమనిన కూర్చుండి, పరుండుమనిన పరుండి, ఉండుమన్న చోట నుండవలెను. పిలిచిన రావలెను. మఱియొక కుక్క యెదురైనను, ప్రక్కను కుర్చీ దబ్బున పడినను కలవరపడరాదు. కడపట, యజమానుడు మూడు నిమిషములు కనుమఱుగై, గొలుసు పరాయివాని చేతనున్నను, విడువక మొఱుగుటగాని మూలుగుటగాని కూడదు. పరీక్షాసమయమున మెచ్చుకొనవచ్చును, తినుబండారము మాత్రము చూపరాదు. గుఱ్ఱుమనినచో పరీక్ష అంతటితో సరి.

ఇక నేను మేలన్న విషయము. మన బడులలో నూటికి ముప్పదియైదు వచ్చిన చాలును. ఇచ్చట తొమ్మిదింట నెగ్గి యొక్కదాన తప్పినను ఉత్తీర్ణత లేదు. ఇది కాఠిన్యముగాదు. తొమ్మిదిమారులు తోక యాడించి పదియవమాఱు కఱచిన కుక్కను మంచిదని యెవరందురు? కాటు తిన్నవానికి తక్కిన తొమ్మిది గుణములు మందు కాజాలవు.

మర్యాద యనగా ముందుగా చేయరానిది చేయకుండుట. భారతమున సరమ కథ మీరెఱుగుదురు. జనమేజయుని సత్రయాగమునకు పోయిన సారమేయుడు హవిస్సును నాకలేదు, కన్నెత్తి చూడనైన లేదు. అయినను రాజసోదరులు కొట్టిరి. తల్లి సరమ వచ్చి న్యాయమడిగి, తప్పులేనివానిని దండించినవారికి తలపని భయము కలుగునని పలికి పోయినది. ఆనాడు శునకము పరీక్షలో నెగ్గినది, తప్పినవారు మనుష్యులు.

కావున శిక్షణ యనగా దండనము గాదు. కుక్కపిల్ల ముక్కుపైన రొట్టెముక్క నుంచి మెల్లగా వెనుకకు జరుపుడు. తల పైకెత్తగా నడుము దానంతట క్రిందికి వ్రాలును. వ్రాలిన క్షణముననే ముక్క నీయవలెను. ఆలస్యమైనచో దేనికిచ్చితిరో దానికి తెలియదు. పని కుదిరిన పిమ్మట ‘కూర్చో’ యను మాటను జోడింపుడు. గొలుసు లాగినచో నిలిచిపొండు. వదులైన వెంటనే నడువుడు. లాగిన దారి సాగదని అదియే గ్రహించును. పాఠము కొలది నిమిషములే యుండవలెను. మూడవ వారము మొదలు పదునాలుగవ వారము వఱకు పిల్ల లోకమును పరిచయము చేసికొను కాలము. అప్పుడు మెత్తని చేతులు తాకిన కుక్క మనుష్యుని నమ్మును. అప్పుడు ఱాళ్లు తిన్నది చేయెత్తినవారినెల్ల శంకించును.

మర్యాద నేర్చిన ప్రతి కుక్కయు రోగి చెంతకు పోదగినది కాదు. ఆ సేవ వేఱు. 1944లో న్యూగినీ యుద్ధభూమిలో విల్లియమ్ విన్ అను సైనికుడు జ్వరముతో ఆసుపత్రిలో నుండగా, మిత్రులాతని చిన్నికుక్క స్మోకీని తెచ్చి చూపిరి. దానిని చూచి గాయపడిన తక్కిన సైనికులును సంతసించిరి. నర్సులు దానిని వారి మంచములకడకు త్రిప్పిరి. 1976లో న్యూజెర్సీయందు ఇలేన్ స్మిత్ అను నర్సు థెరపీ డాగ్స్ ఇంటర్నేషనల్ అను సంస్థను స్థాపించి ఇట్టి కుక్కలను పరీక్షించి పంపసాగెను. కుక్క రోగమును కుదుర్చదు. భయమును, ఒంటరితనమును కొంత మఱపించును. మంచముపట్టిన వృద్ధునికి అది యల్పముగాదు.

ఈ పరీక్షలో చంకకఱ్ఱలవాడు తడబడుచు వచ్చును, చక్రములకుర్చీ ప్రక్కను దొరలును, వెనుక ఏదో ధణాలున పడును, నేలమీద తిండి యూరించుచుండును. కుక్క నెమ్మదిగానే యుండవలెను. పెట్ పార్ట్‌నర్స్ అను సంస్థ కుక్కను, నడుపువానిని జంటగా పరీక్షించి, రెండేండ్లకొకమాఱు మరల పరీక్షించును. పచ్చిమాంసము మేపు కుక్కను అంగీకరింపదు. దానివలన రోగులకు సూక్ష్మక్రిములంటునని భయము. నడుపువాని విధి మఱియొకటి కలదు. కుక్క ఊరక ఆవులించుచు, పెదవులు నాకుచు, మొగము త్రిప్పుకొనుచున్న అది అలసినదని యర్థము. వెంటనే కొనిపోవలెను. మూగజీవి యోర్పునకు హద్దు గలదు.

అంత కట్టుదిట్టమేలయని యడుగుదురేమో. మంచములోని రోగి లేచి పరుగెత్తలేడు, పసివాడు తప్పించుకొనలేడు. వారికి ఆ యోగ్యతాపత్రమే రక్ష. దయతలచి యనర్హునికిచ్చిన పత్రము బలవంతుని నొప్పింపదు, దుర్బలునే కఱచును. కుక్కకేగాదు, వైద్యునికి, బండి నడుపువానికి, ఉపాధ్యాయునికి నిచ్చు పత్రములన్నిటికి నిది వర్తించును.

మన యూరికుక్కలను ఆసుపత్రులకు పంపుడని నేననను. పెంచువారు దానికి పశువైద్యునిచేత పిచ్చికుక్క రోగము రాకుండ టీకా వేయింపుడు. పిల్లలచేత ఱాయి మాన్పించి, పిలిచి కూర్చుండబెట్టుట నేర్పింపుడు. మన వీధిలో నడచు ముసలివానికి, బడికి పోవు పాపకు అదియే తొలి యోగ్యతాపత్రము.

స్వస్తి.