గుర్రం కొనడం ఈజీనే.. పొద్దున ఐదింటికి లేచేదెవరు?

ఈ మధ్య జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సైడ్ నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నరు. "అన్నా, జాబ్ మానేసి మా రెండెకరాల్ల గుర్రాల ఫామ్, రైడింగ్ స్కూల్ పెడితే నడుస్తదా? పని ఇంట్లోవాళ్లమే చూసుకుంటం" అని. ఇయ్యాల దీని గురించే మాట్లాడుకుందాం.

ముందు అందరికీ ఆశ పుట్టిస్తున్న విషయం. 2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో గుర్రాలు, గాడిదలు, ఒంటెల పెంపకాన్ని కూడా చేర్చింది. పెట్టుబడి ఖర్చులో 50 శాతం సబ్సిడీ, 50 లక్షల వరకు. మంచిదే. కానీ అది పెంపకం కోసం పెట్టిన స్కీమ్. మన రైడింగ్ స్కూల్‌కి వర్తిస్తదా లేదా అన్నది జిల్లా పశుసంవర్ధక శాఖ ఆఫీసుకి పోయి ముందే అడగండి. ఇంకో మాట, సబ్సిడీ షెడ్డు కట్టిస్తది గానీ రోజూ మేత వెయ్యదు.

మన గడ్డకు గుర్రం కొత్త కాదు. ఈ మూడు జిల్లాలూ 2016 దాకా చాలావరకు పాత వరంగల్ జిల్లానే. 1310లో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫూర్‌కి ఇచ్చిన వాటిల్లో ఏడు వేల గుర్రాలు ఉన్నయని బరనీ రాసిండు. అప్పట్లో దక్షిణాదికి మంచి గుర్రాలు అరబ్, పర్షియా దేశాల నుంచి ఓడల్లో వచ్చేవి. అదే కాలంలో తమిళ తీరం చూసిన మార్కో పోలో ఏం చెప్పిండంటే, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటరు, చూసుకోవడం తెలిసినోళ్లు లేక ఏడాది తిరిగేసరికి చాలావరకు చచ్చిపోతయి అని. రాజుల దగ్గర డబ్బుకు కొదవ లేదు. చూసుకునే చెయ్యి లేదు, అంతే. ఏడొందల ఏళ్ల తర్వాత కూడా గుర్రాల ఫామ్ లెక్క ఇదే.

ఇప్పుడు మన లెక్క. 400 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 8 కిలోల ఎండు మేత కావాలి. ఆరు గుర్రాలంటే 48 కిలోలు. ఏడాదికి పదిహేడున్నర టన్నులు. ఎండకాలంలో ఒక్కోదానికి 40 లీటర్ల దాకా నీళ్లు. గుర్రం కడుపు చిన్నది, అందుకే కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలె. గుర్రం కక్కలేదు. అందుకే తప్పు మేత పడితే కడుపునొప్పి ప్రాణం మీదికి వస్తది. ఉలవలు మనకు తెలిసినవే, వాటి ఇంగ్లీష్ పేరే హార్స్ గ్రామ్. కానీ వరిగడ్డి ఒక్కటే వేస్తే బలం సరిపోదు. కోళ్ల దాణా మాత్రం అస్సలు పెట్టొద్దు. అందులో కలిపే మోనెన్సిన్ లాంటి మందు కోడికి ఏం కాదు, గుర్రాన్ని చంపేస్తది.

ఆమ్దానీ చూద్దాం. ఆరింటిలో రెండు రెస్ట్‌లో ఉంటయి అనుకోండి. మిగతా నాలుగూ రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది గంటలు. పిల్లలు వచ్చేది శని, ఆదివారాలు. అంటే వారంలో మీరు అమ్మగలిగేది 16 గంటలే. సంపాదన రెండు రోజులు, మేత ఏడు రోజులు. మీ ఊళ్లో గంటకు ఎంత ఇస్తరో వేసుకుని చూడండి. పైగా మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటొద్దంటరు. అంటే ఈ గుర్రం మీద 80 కిలోలే.

జాగా కూడా లెక్కలోకి వస్తది. జనగామ హైదరాబాద్-వరంగల్ హైవే మీద ఉంది, సిటీ ఫ్యామిలీలు పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చు. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగుల పిల్లలు ఉన్నరు, కానీ అడవి పక్కన వానకాలం జోరీగలు ఎక్కువ, వాటితో సర్రా జబ్బు వస్తది. మహబూబాబాద్‌లో మిర్చి రైతులు ఉన్నరు, గుర్రపు లద్దె ఎరువుగా అమ్ముకోవచ్చు.

ఇక "ఇంట్లోవాళ్లమే చూసుకుంటం" అన్న మాట. వినడానికి బాగుంటది. కానీ ఆ ఇంట్లోవాళ్లు ఎవరు? నాన్నకు అరవై ఏళ్లు, అమ్మకు మోకాళ్ల నొప్పులు, మీరేమో శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి వస్తరు. నేను కూడా సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినోన్నే. ల్యాప్‌టాప్ మూస్తే పని ఆగుతది. గుర్రానికి దసరా సెలవు కూడా లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కాలె, లాడాలు చూడాలె. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే, గుర్రాలు తెలిసిన డాక్టర్ కావాలె.

అందుకే నా సలహా ఒక్కటే. గుర్రాలు కొనకముందు ఏదన్నా రైడింగ్ క్లబ్‌లో నెల రోజులు లద్దె ఎత్తండి, మేత వెయ్యండి. తర్వాత ఒక కాగితం మీద పొద్దున ఐదింటి పని, మధ్యాహ్నం పని, రాత్రి పని అని రాసి, ఎదురుగా పేర్లు రాయండి. మూడు చోట్లా అమ్మ పేరే వస్తే, మీరు ఫామ్ పెడుతలేరు, అమ్మకు కొత్త ఉద్యోగం ఇస్తున్నరు. ఆ కాగితం ముందు అమ్మకు చూపించండి, బ్యాంకుకు తర్వాత.

ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.