లిపి ఉంది, పుస్తకం ఉంది... ఇంట్లో మాట ఉందా?

 

మన గోండి గురించి చెప్పే ముందు ఆఫ్రికాలోని ఒక భాష సంగతి చెబుతాను. నైజీరియా ఆగ్నేయ ప్రాంతంలో ఇగ్బో ప్రజలున్నారు. వాళ్ల భాష పేరు కూడా ఇగ్బోనే. మాట్లాడేవాళ్లు రెండు కోట్లకు పైనే. 1933లోనే పీటా న్వానా రాసిన ‘ఒమెనుకో’ నవల ఆ భాషలో వచ్చింది. 1949లో భాష కోసం సంఘం పెట్టుకున్నారు. 1961లో అందరికీ ఒకే రాత పద్ధతి కుదిరింది. ఆ దేశపు 1999 రాజ్యాంగంలో, జాతీయ చట్టసభలో వాడదగిన భాషల్లో ఇగ్బో పేరుంది.

ఇన్ని ఉన్నా ఆ భాష నిలుస్తుందా అని వాళ్ల పెద్దలకు బెంగ. బ్రిటిష్ పాలనలో ఉద్యోగం, గౌరవం ఇంగ్లీషుతో ముడిపడ్డాయి. చాలా బడుల్లో ఇంటి భాష మాట్లాడితే శిక్షో, జరిమానాయో వేసేవారు. అలా చదువుకున్నవాళ్లలో చాలామంది తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు.

ఇగ్బోలో ‘అక్వా’ అనే మాట ఉంది. పలికే స్వరాన్ని బట్టి గుడ్డ, గుడ్డు, ఏడుపు, మంచం అని నాలుగు అర్థాలొస్తాయి. మామూలు రాతలో ఆ స్వరాన్ని చాలాసార్లు గుర్తించరు. అది ఇంట్లో చెవితో విని నేర్చుకోవాల్సిందే. పుస్తకం ఒక్కటే ఆ పని చేయలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నవాళ్లు అన్ని రాష్ట్రాల్లో కలిపి దాదాపు 30 లక్షలు. గుంజాల లిపి దొరికింది, 2018లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. అది మనకు గర్వకారణం. ఎనిమిదో షెడ్యూల్‌లో గోండికి చోటు అడుగుతున్నాం, అడగాల్సిందే. కానీ మా హాస్టల్లో పిల్లలు ఇంటికి ఫోన్ చేసేటప్పుడు వింటుంటాను. తల్లి గోండిలో అడుగుతుంది, పిల్ల తెలుగులో జవాబిస్తుంది. ఇగ్బో ఇళ్లలో జరిగిందీ ఇదే.

తెలుగు, ఇంగ్లీషు మానేయమని నేననను. చదువుకు, ఉద్యోగానికి అవి కావాలి. మీరు చేయాల్సింది చిన్న పని. ఇంటికి ఫోన్ చేస్తే గోండిలో మాట్లాడండి. చిన్నపిల్లలు తప్పు పలికితే నవ్వకండి, సరిచేసి చెప్పండి. ముసలివాళ్లు చెప్పే కథలు వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. రేపు తల్లిదండ్రులయ్యేది మీరే. మీ పిల్లలు మొదట వినే మాట ఏ భాషలో ఉండాలో మీ చేతిలోనే ఉంది.

జై సేవా.